ఏలియన్లు మన ఇళ్లలోనూ ఉన్నారు

అమెరికాలో అనుమతి లేకుండా ఉంటున్నవాళ్లను ఏమని పిలవాలన్న పేచీ అక్కడ ఎప్పటినుంచో ఉంది. కొందరు 'ఇల్లీగల్ ఏలియన్' అంటారు, కొందరు 'అన్‌డాక్యుమెంటెడ్' అంటారు. మన టీవీలకు ఆ బాధే లేదు, అందరూ 'అక్రమ వలసదారులే'.

అపోహ: ఏలియన్ అంటే దొంగదారిన వచ్చినవాడు.

వాస్తవం: అక్కడి 1952 నాటి వలస చట్టంలో ఆ మాట పరాయి దేశస్థులందరికీ వర్తిస్తుంది. హెచ్-1బి మీద డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న మన అబ్బాయి ఏలియనే. ఎంఎస్‌కి కొత్తగా వెళ్లిన పిల్ల పన్ను లెక్కల్లో 'నాన్‌రెసిడెంట్ ఏలియన్'. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకు ఇచ్చే ఎ-నంబరులో 'ఎ' అన్నా అదే. 2021లో బైడెన్ ప్రభుత్వం 'ఏలియన్' బదులు 'నాన్‌సిటిజన్' అనమని వలస అధికారులకు చెప్పింది. 2025లో ట్రంప్ తిరిగొచ్చాక పాత మాటా తిరిగొచ్చింది. ఈ రెండుసార్లూ చట్టంలోని ఆ పదం మాత్రం అలాగే ఉంది.

అపోహ: గడువు దాటి ఉండిపోయినవాడు నేరస్థుడు.

వాస్తవం: తనిఖీ తప్పించుకుని సరిహద్దు దాటడం నేరమే, మొదటిసారైతే ఆరు నెలల దాకా జైలు. సక్రమంగా వీసా మీద దిగి, గడువు దాటాక ఉండిపోవడం మాత్రం సాధారణంగా సివిల్ ఉల్లంఘన. అరిజోనా రాష్ట్రం కేసులో 2012లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగానే చెప్పింది. నేరం కాదంటే బతికిపోయినట్టే అనుకోకండి. నేరం మోపితే, లాయరును పెట్టుకునే స్తోమత లేనివాడికి ప్రభుత్వమే లాయరునివ్వాలి. దేశం నుంచి పంపించే విచారణ సివిల్ కాబట్టి అక్కడ ఆ హక్కు లేదు. అవతల ప్రభుత్వ న్యాయవాది నిలబడితే, ఇవతల డబ్బులేనివాడు తన వాదన తానే వినిపించుకోవాలి.

అపోహ: 'అన్‌డాక్యుమెంటెడ్' అంటే తప్పులేని మాట.

వాస్తవం: మర్యాదగా వినిపిస్తుంది గానీ కచ్చితమైనదేం కాదు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2013లో మనుషులను 'ఇల్లీగల్' అనొద్దని తన విలేకరులకు చెప్పినప్పుడు 'అన్‌డాక్యుమెంటెడ్'నూ పక్కన పెట్టమంది. గడువు దాటినవాడి దగ్గర పాస్‌పోర్టు, వీసా ముద్ర, పన్ను కాగితాలు అన్నీ ఉండొచ్చు. లేనిదల్లా ఉండేందుకు అనుమతి. నన్నడిగితే ఏం జరిగిందో అదే రాస్తే చాలు: గడువు దాటాడు, లేదా తనిఖీ లేకుండా వచ్చాడు.

అపోహ: పదేళ్ల వీసా ఉంది, కాబట్టి పదేళ్లూ ఉండొచ్చు.

వాస్తవం: మనవాళ్లను ముంచేది ఇదే. మనవడిని చూసుకోవడానికి వెళ్లే అమ్మానాన్నల పాస్‌పోర్టులో పదేళ్ల ముద్ర ఉంటుంది. అది తలుపు తట్టడానికే. ఎన్నాళ్లు ఉండాలో ఎయిర్‌పోర్టులో అధికారి తేలుస్తాడు. సాధారణంగా ఆరు నెలలు, ఆ తేదీ ఐ-94 అనే ప్రవేశ రికార్డులో పడుతుంది. గడువులోగా పొడిగింపు కోరకుండా ఆ తేదీ దాటితే పదేళ్ల వీసా అక్కడితో చెల్లదు. అలా 180 రోజులు మించి ఉండి వెనక్కి వచ్చేస్తే మూడేళ్లు, ఏడాది నిండితే పదేళ్లు మళ్లీ అడుగుపెట్టనివ్వరు.