కట్టు జారని ముడి

స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో కాలేజీ అమ్మాయిల్ని రేంజర్లంటారు. పోయిన శని, ఆదివారాలు మా రేంజర్ల క్యాంపు. మంట వేయడం, గుడారం కట్టడం అన్నీ నేర్పారు గానీ నేను ఓడిపోయింది మాత్రం ఒక ముడి దగ్గర. మా అమ్మైతే కన్నడంలో గంటు అంటుంది.

దాని పేరు రీఫ్ నాట్. కుడి కొసని ఎడమ కొస మీదుగా ఒక చుట్టు తిప్పాలి. తర్వాత అదే కొసని, ఇప్పుడది ఎడమకి వచ్చుంటుంది కదా, కుడిదాని మీదుగా ఇంకో చుట్టు. రెండుసార్లూ కుడిదే పైన వేస్తే గ్రానీ నాట్ అవుతుంది. చూడ్డానికి ముడే, లాగితే జారుతుంది. నేను వరసగా కట్టినవన్నీ అవే! గుర్తు ఏంటంటే, కొసలు తమ తాడు పక్కనే పడుకోవాలి, అడ్డంగా నిక్కితే తప్పు.

సరిగ్గా పడితే బల్లపరుపుగా ఉంటుంది, ఒంటికి గుచ్చుకోదు. అందుకే గాయాల కట్లకి ఇదే. బరువు మోసే తాళ్ళు కలపడానికి మాత్రం పనికిరాదు. ఒక కొస పక్కకి గుంజితే ఊడొస్తుంది, మాకు గుంజి చూపించారు.

ఆదివారం మా క్లాస్‌మేట్ నిజంగానే జారిపడి చెయ్యి కొట్టుకుంది. చేతికి జోలెకట్టు కట్టి, మెడ పక్కన ముడి వేసింది నేనే.

"ఇది జారేదా, జారనిదా?" అంది.

విప్పి మళ్ళీ కట్టాను.