పెరటి ఆక్వాపోనిక్స్: చేపలకు ముందు నీరు

చేపల తొట్టి నీటిని మొక్కలకు పారించి, తిరిగి తొట్టికే మళ్లించే పద్ధతి ఆక్వాపోనిక్స్. పెరట్లో కొత్తగా ఆరంభించేవారు తొలిరోజే చేపపిల్లలను దింపితే సొమ్ము నీళ్లపాలే. చేపల విసర్జనలోని అమ్మోనియా చేపలకే విషం. దానిని నైట్రైటుగా, పిదప మొక్కలకు ఎరువైన నైట్రేటుగా మార్చేవి సూక్ష్మజీవులు. చేపకు, మొక్కకు నడుమ దళారులివే. ఇవి లేనిదే బేరం కుదరదు.

కంకరలో ఇవి స్థిరపడేందుకు నెల నుంచి నెలన్నర పడుతుంది. అంతవరకు నీటికి కొద్దికొద్దిగా అమ్మోనియా అందించాలి. అమ్మోనియా, నైట్రైటు రెండూ ఒక్కరోజులో హరించి, నైట్రేటు కనిపిస్తేనే చేపలను దింపడం క్షేమం.

ఆపై నిత్య ఖర్చు మేతదే. ఆకుకూరల మడి చదరపు మీటరుకు రోజుకు 40-50 గ్రాముల మేత అన్నది ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014 నాటి లెక్క. రాబడి లేని తొలి నెలన్నరను పెట్టుబడిలో కలుపుకున్నవారికే గిట్టుబాటు.