కుర్చీ కంటే ముందు దివాన్

గదిలో ఒక దివాన్. దాని తలవైపు, కంటికి కనబడకుండా ఒక కుర్చీ. పడుకున్న మనిషి మనసులోకి ఏది వస్తే అది చెబుతూ ఉంటాడు. కుర్చీలోని మనిషి వింటూ ఉంటాడు. మనోవిశ్లేషణ అనగానే మెదిలే బొమ్మ ఇదే. అయితే ఆ కుర్చీలో కూర్చోవాలంటే ముందు తానూ ఏళ్ల తరబడి దివాన్ మీద పడుకోవాలన్న సంగతి చాలామందికి తెలియదు.

ఈ శిక్షణకు రూపం వచ్చింది బెర్లిన్‌లో. 1920లో మనోవిశ్లేషకుడు మాక్స్ ఐటింగన్, కొందరు సహచరులు అక్కడ ఒక క్లినిక్ తెరిచారు. నేర్చుకునేవారు మూడు పనులు చేయాలన్న పద్ధతి అక్కడే స్థిరపడింది. సిద్ధాంతం చదవాలి. పెద్దల పర్యవేక్షణలో రోగులను చూడాలి. అన్నిటికన్నా కష్టమైనది మూడోది, తన మనసును మరో విశ్లేషకుడి ముందు విప్పుకోవడం. తండ్రి మీద తన లోపల గూడుకట్టుకున్న కోపాన్ని ఎరగని వైద్యుడు, తండ్రిని తిట్టే రోగి మాటను సరిగా వినలేడు.

ఆ పద్ధతిలో ఈ సొంత విశ్లేషణ వారానికి నాలుగైదు సెషన్లు ఉండాలనేవారు. 2017లో అంతర్జాతీయ మనోవిశ్లేషణ సంఘం దాన్ని మూడు నుంచి ఐదుకు సడలించింది.

మన దేశంలో ఈ విద్యకు పుట్టిల్లు కలకత్తా. డాక్టర్ గిరీంద్రశేఖర్ బోస్ 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్‌ను ఆయన ఎన్నడూ కలవలేదు. పరిచయమంతా ఉత్తరాల్లోనే సాగింది. అలాగని గురువు చెప్పినదానికల్లా తల ఊపలేదు. తన దగ్గరికి వచ్చే భారతీయ రోగుల మనసు ఐరోపా రోగుల మనసులా లేదని నేరుగా ఫ్రాయిడ్‌కే రాశారు. 1931లో ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకు కలకత్తా సంఘం దంతపు విష్ణుమూర్తి విగ్రహాన్ని కానుకగా పంపితే, ఆయన దాన్ని తన బల్ల మీద పెట్టుకున్నారు.

రోగి తనను తాను తరచి చూసుకోవాలని చెప్పే ఈ విద్య తన తప్పులను మాత్రం ఆలస్యంగా చూసుకుంది. స్వలింగ ఆకర్షణను అమెరికన్ విశ్లేషకులు దశాబ్దాలపాటు జబ్బుగా లెక్కగట్టారు. అలాంటివారిని శిక్షణకు దూరం పెట్టారు. అమెరికన్ సైకోఅనలిటిక్ అసోసియేషన్ ఆ వివక్షను 1991లో తప్పని ప్రకటించింది. బహిరంగంగా క్షమాపణ చెప్పడానికి 2019 దాకా పట్టింది. అదే అసోసియేషన్ తమ సంస్థల్లోని జాతి వివక్షపై మనోవిశ్లేషకురాలు డొరతీ హోమ్స్ అధ్యక్షతన వేసిన కమిషన్ 2023లో నివేదిక ఇచ్చింది. ఆలస్యమైనా ఇది అవసరమైన పని. విశ్లేషకుడికి కనబడని సొంత దురభిప్రాయం రోగికే గాయమవుతుంది.

ఈ చరిత్ర మనకూ పనికొస్తుంది. మన ఊళ్లలోనూ ఇప్పుడు కౌన్సెలింగ్ కేంద్రాల బోర్డులు కనిపిస్తున్నాయి. కష్టం చెప్పుకోవడానికి వెళ్లేవారు సంకోచించకుండా రెండు ప్రశ్నలు అడగాలి: “మీరు ఎక్కడ, ఎన్నాళ్లు నేర్చుకున్నారు? మీ పనిని ఇప్పుడు ఎవరు పర్యవేక్షిస్తున్నారు?” అలా అడగడం అమర్యాద కాదు, అది మన హక్కు.