రికార్డు తిరగేస్తే వినబడే బోవీ

2013 జనవరి 8. డేవిడ్ బోవీకి ఆ రోజు 66 నిండాయి. లండన్‌లో ఇంకా తెల్లవారకముందే ఐట్యూన్స్‌లో అతని కొత్త పాట ఒకటి ప్రత్యక్షమైంది. పేరు ‘వేర్ ఆర్ వీ నౌ?’. మన దగ్గరైతే ఫస్ట్ సింగిల్‌కు ఒక ప్రోమో, ఆ ప్రోమో ఎప్పుడొస్తుందో చెప్పడానికి మళ్లీ ఒక పోస్టరు. ఇక్కడ అలాంటి హడావుడి ఏమీ లేదు. పాట వచ్చిందంతే.

పదేళ్లుగా కొత్త ఆల్బమ్ లేని మనిషి అతను. 2004 జూన్‌లో జర్మనీలో కచేరీ ముగించాక గుండె రక్తనాళం పూడుకుపోయిందని తేలి, హాంబర్గ్‌లో ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆ తర్వాత టూర్లు మానేసి న్యూయార్క్‌లో భార్యతో, కూతురితో ఉండిపోయాడు. ఇక పాడడనే అభిమానులు అనుకున్నారు. నిజానికి అతను రెండేళ్లుగా అదే ఊళ్లో, మేజిక్ షాప్ అనే స్టూడియోకు వెళ్లి వస్తున్నాడు. పక్కన పాత నిర్మాత టోనీ విస్కోంటి ఉన్నాడు. వాయించడానికి వచ్చినవాళ్ల చేత ఈ సంగతి బయట చెప్పబోమని ముందే సంతకాలు పెట్టించుకున్నారు. గుట్టు చివరిదాకా నిలిచింది.

పాట నెమ్మదిగా నడుస్తుంది. వయసు పైబడిన మనిషి ఒకప్పుడు తానున్న వీధుల్లో తిరుగుతున్నట్టుంటుంది. ఆ వీధులు బెర్లిన్‌వి. 1976 నుంచి 78 దాకా బోవీ అక్కడ హాప్ట్‌స్ట్రాసె వీధిలోని ఒక ఫ్లాట్‌లో ఉండేవాడు. బెర్లిన్ గోడను ఆనుకున్నట్టే ఉండే హాన్సా స్టూడియోలో ‘హీరోస్’ ఆల్బమ్ రికార్డు చేశాడు. కొత్త పాటలో పోట్స్‌డామర్ ప్లాట్జ్ పేరు వస్తుంది. కాడేవే అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ వస్తుంది. గోడ తెరుచుకున్న 1989 నవంబర్ 9 రాత్రి తూర్పు బెర్లిన్ జనం మొదటగా గుంపులుగా దాటిన బోసె వంతెన కూడా వస్తుంది. టోనీ అవర్స్‌లర్ తీసిన వీడియోలో బోవీ ఉన్నది ఒక గుడ్డబొమ్మగా. ఒకే ఒంటికి రెండు తలలు, ఒక తల మీద బోవీ ముఖం, రెండో దాని మీద అవర్స్‌లర్ భార్య ముఖం. బ్రిటన్ చార్టులో పాట ఆరో స్థానానికి ఎక్కింది. 1986 తర్వాత అక్కడ అతనికి అంత పెద్ద హిట్ లేదు.

ఇది విన్నవాళ్లు పెద్దాయన పాత రోజులు తలచుకుంటున్నాడని అనుకున్నారు. మార్చిలో ‘ది నెక్స్ట్ డే’ ఆల్బమ్ వచ్చాక గానీ భ్రమ తొలగలేదు. అందులో చాలాభాగం గిటార్ల మోతే. అట్ట మీద పాత ‘హీరోస్’ ఫొటోనే వాడి, ముఖం మీద ఒక తెల్ల చదరం అంటించారు. పాతదాన్ని పూజించే మనిషి చేసే పని కాదది.

అయినా బోవీ విషయంలో అసలు రుచి ఎప్పుడూ పక్క పాటల్లోనే ఉంది. 45 ఆర్‌పీఎమ్ చిన్న రికార్డుల కాలంలో ఒక వైపు అమ్ముడుపోవాల్సిన పాట, రెండో వైపు ఖాళీగా ఉండకూడదు కాబట్టి ఇంకో పాట ఉండేది. రేడియోవాళ్లు మొదటిది వేసేవాళ్లు. రెండోది వినాలంటే రికార్డు కొని తిరగేయాలి. 1973లో ‘లైఫ్ ఆన్ మార్స్?’ సింగిల్‌కు వెనక వైపు వేసిన పాట ‘ది మ్యాన్ హూ సోల్డ్ ది వరల్డ్’. ఇరవై ఏళ్లకు నిర్వానా బృందం ఎంటీవీ కచేరీలో దాన్ని పాడితే, అది ఆ బృందం గాయకుడు కర్ట్ కొబైన్ రాసిన పాటే అనుకున్న కుర్రకారు ఎందరో. ‘వెల్వెట్ గోల్డ్‌మైన్’ కూడా అంతే. 1971లో రికార్డు చేసి పక్కన పెడితే, 1975లో ‘స్పేస్ ఆడిటీ’ పునర్ముద్రణకు వెనక వైపు చేరింది. 1998లో ఒక సినిమాకే పేరైంది.

2013కు వచ్చేసరికి రికార్డు తిరగేసే అలవాటు దాదాపు పోయింది. వెనక వైపు పాటలు డీలక్స్ ఎడిషన్‌లోకి, జపాన్ ఎడిషన్‌లోకి, ఆ నవంబర్‌లో వచ్చిన ‘ది నెక్స్ట్ డే ఎక్స్‌ట్రా’లోకి చెదిరిపోయాయి. అన్నీ ఆణిముత్యాలని చెప్పలేం. ‘లైక్ ఎ రాకెట్ మ్యాన్’ వినకపోయినా పెద్ద నష్టం లేదు. ‘ప్లాన్’ మాత్రం వినాలి. మాటల్లేని రెండు నిమిషాల గిటార్, తుపానుకు ముందు ఉక్కపోతలా ఉంటుంది.

అదే ‘ఎక్స్‌ట్రా’లో ‘లవ్ ఈజ్ లాస్ట్’ పాటకు జేమ్స్ మర్ఫీ చేసిన రీమిక్స్ ఉంది. నిడివి పది నిమిషాల పైనే. మొదలవడం చప్పట్లతో. స్వరకర్త స్టీవ్ రైష్ 1972లో ఉత్త చప్పట్లతో కట్టిన రచనకు అది నమస్కారం. మధ్యలో బోవీదే అయిన ‘యాషెస్ టు యాషెస్’ కీబోర్డు బాణీ తొంగిచూస్తుంది. దీనికి వీడియో బోవీయే తీశాడు. ఎప్పుడో వేరే వీడియో కోసం చేయించి వాడకుండా వదిలేసిన బొమ్మల్ని, తన పాత వేషాల బొమ్మల్నే, బయటికి తీశాడు. ఆఫీసు వరండాల్లో వాటిని నిలబెట్టి చిత్రీకరించాడు. అయిన ఖర్చు 12.99 డాలర్లు. ఫుటేజీ దాచడానికి కొన్న పెన్‌డ్రైవ్ ధర అది.

2014లో వచ్చిన ‘సూ’ సింగిల్‌తో ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. మరియా ష్నైడర్ జాజ్ ఆర్కెస్ట్రాతో కలిసి చేసిన పాట అది. పది అంగుళాల రికార్డు మీద కూడా వచ్చింది కాబట్టి తిరగేయడానికి మళ్లీ ఒక వైపు దొరికింది. ఆ వైపున ‘టిస్ ఎ పిటీ షీ వాజ్ ఎ హోర్’, 17వ శతాబ్దపు ఇంగ్లీషు నాటకం పేరు మీద కట్టిన పాట. ఇంట్లో కూర్చుని బోవీ ఒక్కడే చేసుకున్న డెమో అది. మోటుగా, గరగరలాడుతూ ఉంటుంది. అప్పట్లో ఎక్కువమంది దాన్ని పట్టించుకోలేదు. ష్నైడర్ పరిచయం చేసిన డానీ మెకాస్లిన్ బృందంతో బోవీ ఈ రెండు పాటలనూ మళ్లీ రికార్డు చేశాడు. అవి ‘బ్లాక్‌స్టార్’లో చేరాయి. 2016 జనవరి 8న, 69వ పుట్టినరోజున ఆల్బమ్ విడుదలైంది. 10న బోవీ చనిపోయాడు. కేన్సర్ ఉందన్న సంగతి కూడా స్టూడియో గుట్టులాగే దాచాడు.

బోవీని కొత్తగా వినబోయేవాళ్లు ‘వేర్ ఆర్ వీ నౌ?’తోనే మొదలుపెట్టండి. వెంటనే ‘టిస్ ఎ పిటీ’ ఇంటి డెమో వినండి, ఆ తర్వాత ‘బ్లాక్‌స్టార్’లో దాని కొత్త రూపం వినండి. మూడూ కలిపి పదిహేను నిమిషాలకు మించవు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మంచిది.