యేనా నగరంలో విశ్వవిద్యాలయమూ, కార్ఖానా

ఉల్లిపొరలోని కణాలను పిల్లలకు చూపించే సూక్ష్మదర్శిని నేడు అపురూపమైన వస్తువు కాదు. కాని దాని కటకాల వంపు ఎంత ఉండవలెనో ముందుగా లెక్కవేసి తయారుచేయడం పందొమ్మిదవ శతాబ్దం మధ్యభాగంలో సాధారణంగా జరిగే పని కాదు. పనివాడు ఒక కటకాన్ని నూరి, మరొకదానితో జతపరచి చూచేవాడు. బొమ్మ మసకగా ఉంటే తీసివేసి ఇంకొకటి పెట్టేవాడు. మంచిది కుదిరితే అది అతని హస్తవాసి. మరునాడు అటువంటిదే మళ్ళీ కుదురుతుందన్న నమ్మకం లేదు.

ఈ స్థితిని మార్చినది జర్మనీలో సాలె నది ఒడ్డున ఉన్న యేనా అనే చిన్న నగరం. అక్కడి విశ్వవిద్యాలయం 1558 నాటిది. 1846లో కార్ల్ జైస్ అనే యంత్రకారుడు ఆ ఊరిలో చిన్న పనిశాల తెరిచి, విశ్వవిద్యాలయంవారి పరికరాలను బాగుచేస్తూ, సూక్ష్మదర్శినులు తయారుచేసి అమ్మేవాడు. 1866 నాటికి వాటి సంఖ్య వేయికి చేరినా ఆయనకు తృప్తి కలుగలేదు. హస్తవాసిమీద నడిచే వ్యాపారం ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆ సంవత్సరమే ఆయన విశ్వవిద్యాలయంలో బోధించే ఎర్నస్ట్ అబే అనే ఇరవయ్యారేళ్ళ యువకుణ్ణి కలుసుకొని, కటకాలకు లెక్కలు కట్టిపెట్టమని కోరాడు.

అబే లెక్కలు కట్టాడు. పనివారు ఆ కొలతల ప్రకారమే నూరారు. తీరా చూస్తే కొత్త కటకాలు పాతవాటికంటె అధ్వాన్నంగా ఉన్నవి! పండితుని లెక్కలు మనకు పనికిరావని జైస్ అక్కడితో విరమించుకొని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన విరమించలేదు. అబే లోపాన్ని తన లెక్కలలోనే వెదికాడు.

కాంతి చాలా సన్నని వస్తువులమీద పడినప్పుడు కొంత సూటిగా పోతుంది, కొంత పక్కలకు వంగుతుంది. దీనిని వివర్తనం అంటారు. వివరం ఎంత సన్ననిదైతే కాంతి అంత పెద్ద కోణంలో వంగుతుంది. ఆ వంగిన కిరణాలు కటకంలో ప్రవేశించకపోతే ఆ వివరం బొమ్మలోనికి రాదు. బొమ్మ శుభ్రంగా ఉండవలెనని అబే మొదట కిరణాలు ప్రవేశించే ద్వారాన్ని ఇరుకు చేశాడు. గుమ్మం ఇరుకైతే ఊరేగింపులో నడిమివారే లోపలికి పోగలరు, పక్కవారు వీధిలోనే మిగులుతారు. ఇక్కడ వీధిలో మిగిలినవి అసలు కావలసిన కిరణాలే.

ఈ సిద్ధాంతాన్ని అబే 1873లో ప్రకటించాడు. దాని ప్రకారం రెండు బిందువులను విడివిడిగా చూడగల కనిష్ఠదూరం కాంతి తరంగదైర్ఘ్యంపైన, కటకం కిరణాలను స్వీకరించే కోణంపైన, వస్తువుకూ కటకానికీ మధ్యనున్న పదార్థపు వక్రీభవన గుణకంపైన ఆధారపడుతుంది. ఆకుపచ్చని కాంతితో, మధ్యన నూనె చుక్క వేసి వాడే మేలైన కటకంతో, ఈ దూరం సుమారు 0.2 మైక్రాను, అనగా మిల్లీమీటరులో ఐదువేలవ వంతు. (ఈ హద్దును వేరొక ఉపాయంతో దాటినవారికి 2014లో నోబెల్ బహుమతి వచ్చినది.) ఇంతటి సూత్రానికి దారిచూపినది కార్ఖానాలో పాడైన సరుకు.

నూనె కటకాలు 1878లో వచ్చినవి. క్షయరోగ క్రిములను కనుగొన్నట్లు 1882లో ప్రకటించిన రాబర్ట్ కోఖ్ వాడినవి ఈ కటకాలే.

తరువాతి అడ్డంకి గాజు. కటకం ఒక్కొక్క రంగును ఒక్కొక్క విధంగా వంచుతుంది గనుక బొమ్మ అంచున రంగుల చార ఏర్పడుతుంది. క్రౌన్, ఫ్లింట్ అనే రెండు రకాల గాజులను జతపరచినా ఆ చార పూర్తిగా పోలేదు. లేని గాజును గణితం పుట్టించలేదు కదా! 1879లో ఒట్టో షాట్ అనే రసాయనశాస్త్రవేత్త తాను కరిగించిన లిథియం గాజును పరీక్షకై అబేకు పంపాడు. అది పనికిరాలేదు. అయినా ఉత్తరాలు ఆగలేదు. 1882లో షాట్ యేనాకే వచ్చి స్థిరపడ్డాడు. 1884లో ఆయన, అబే, జైస్, జైస్ కుమారుడు కలసి గాజు ప్రయోగశాల స్థాపించారు. బోరాన్, బేరియం వంటి మూలకాలను కలిపి అక్కడ ఎన్నో కొత్త గాజులను కరిగించారు. 1886లో రంగుల దోషం దాదాపు తొలగిన కటకాలు వెలువడినవి. వేడికి పగలని బోరోసిలికేటు గాజు కూడ షాట్ కృషిఫలమే. రసాయన ప్రయోగశాలలోని బీకరును చూచి సూక్ష్మదర్శినిని తలచుకొనేవారు తక్కువ.

లాభాలు పెరిగినవి. అబే అప్పటికే కార్ఖానాలో భాగస్వామి. 1888లో జైస్ మరణించగా, ఆ మరుసటి సంవత్సరం అబే ఆయన పేరిట ఒక ధర్మనిధిని ఏర్పరచి, 1891లో తన వాటాను దానికి ఇచ్చివేశాడు. విశ్వవిద్యాలయానికి నిలకడైన రాబడి దొరికినది. అబే తండ్రి నూలుమిల్లులో రోజుకు పద్నాలుగు గంటలకు పైగా చాకిరి చేసినవాడు. కొడుకు 1900లో తన కార్ఖానాలో ఎనిమిది గంటల పనిదినాన్ని ప్రవేశపెట్టాడు. ఏడాది లెక్కలు తీసి చూస్తే ఉత్పత్తి తగ్గలేదు.

1945లో యుద్ధం ముగిసే వేళ అమెరికన్ సైన్యం పలువురు నిపుణులను పశ్చిమ జర్మనీకి తరలించుకొనిపోయినది. తరువాత వచ్చిన సోవియట్ అధికారులు యంత్రాలలో అధికభాగాన్ని విప్పి తీసుకొనిపోయారు. సంస్థ రెండుగా చీలి, జర్మనీ ఏకమైన తరువాత 1990లలో మళ్ళీ కలిసినది. నేడు జైస్, షాట్ సంస్థలు రెండూ ఆ ధర్మనిధి సొత్తే. వాటినుండి వచ్చే రాబడిలో కొంత విశ్వవిద్యాలయాల పరిశోధనలకు పోతున్నది. వాటిలో యేనా ఒకటి.