వ్రాయు చేతులు ఎన్ని?

దెందులూరు వంటి గ్రామములందు ఒకప్పుడు భూముల లెక్కలు కరణము చేతిలో నుండెడివి. ఏ చేను ఎవరిదో, అందేమి పండెనో అతడు అడంగలునందు వ్రాయుచుండెను. ఏటేట జమాబందీలో పై అధికారులు ఆ లెక్కలను సరిచూచెడివారు. 1984లో కరణముల పదవులు రద్దయ్యెను. వ్రాయు చేయి ఒక్కటే యగుటచే ఒకే పద్దు రెండు విధములుగ నుండెడిది కాదు. కాని కరణము ఊర లేనినాడు పని నిలిచిపోయెడిది.

నేడు పెద్ద సంస్థలలో ఉద్యోగుల పేర్లు, చిరునామాలు, పాస్‌వర్డులు, అధికారములు డైరెక్టరీ సర్వరు అను కంప్యూటరులో నుండును. అది చెడినను పని ఆగకుండుటకై దాని ప్రతులను పలుచోట్ల నుంతురు. మార్పులు వ్రాయుటకు అధికారము గల ప్రతిని మాస్టరందురు. మాస్టరులు పెక్కుండి, ఒకదాని మార్పులను తక్కినవానికి అందజేయుటయే మల్టీమాస్టర్ రెప్లికేషన్.

ఏలూరులో నొకటి, తాడేపల్లిగూడెములో నొకటి మాస్టరులున్నవని ఊహింపుడు. ఏలూరున ఒక ఉద్యోగి అధికారమును తొలగించిరి. అప్పుడే నడుమ తీగ తెగినది. తీగ అతుకువరకు తాడేపల్లిగూడెపు సర్వరు అతనిని లోనికి రానిచ్చుచునే యుండును! మరి ఒకే పద్దును ఇరుచోట్ల వేర్వేరుగ మార్చినచో? ప్రతి మార్పునకును జరిగిన వేళయు, సర్వరు సంఖ్యయు జోడింపబడును. వానిని పోల్చి కడపటి మార్పును నిలుపుదురు. కావున గడియారములు సరిగా నడువవలయును.

అట్లయిన మాస్టరులను ఎన్నియైన పెట్టరాదా? ప్రతి మాస్టరును తక్కిన అన్నిటికి నేరుగా మార్పులు పంపవలెనన్న, 2 మాస్టరులకు 2 దారులు చాలును. 4 అయినచో 12, 20 అయినచో 380 దారులు వలయును. సన్ సంస్థ తన 5.2 డైరెక్టరీ సర్వరునకు 4 మాస్టరులనియు, రెడ్ హాట్ సంస్థ తన దానికి 20 అనియు హద్దులు పెట్టినవి.

కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏళ్లు నీరు తెచ్చును. ఆ నీరు సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరొక్కటే. కొల్లేటిలోనికి మరియొక కాలువ త్రవ్వినంతమాత్రమున ఉప్పుటేరు వెడల్పగునా? ఇదియు నట్టిదే. ఎచ్చట వ్రాసిన మార్పునైనను ప్రతి సర్వరును మరల తనలో వ్రాసికొనవలయును. కావున మాస్టరులు పెరిగిన కొలది వ్రాతశక్తి పెరుగదు, బరువే పెరుగును.

ముందుచూపు గలవారు దినమునకెన్ని మార్పులు వచ్చునో, తీగ ఎన్నినాళ్లు తెగియుండవచ్చునో లెక్కింతురు. మార్పుల పట్టీని అంతకంటె ఎక్కువనాళ్లు భద్రపరతురు. లేనిచో వెనుకబడిన సర్వరునకు మొత్తము దస్త్రమును మొదటినుండి నకలు చేయవలసివచ్చును. మాస్టరులను కొలదిగను, చదువుటకు మాత్రమే పనికివచ్చు ప్రతులను విరివిగను ఉంతురు.

దస్త్రమును చదువు కన్నులు ఎన్నియైన నుండవచ్చును. వ్రాయు చేతులను మాత్రము లెక్కించి యుంచవలెను.