చేతికి పని, చెవికి పుస్తకం: గ్రామాలలో సామూహిక పఠనం

ప్రత్యేక వ్యాసం

ఇందల్వాయి (నిజామాబాద్ జిల్లా): 44వ నంబరు జాతీయ రహదారిపై గల ఇందల్వాయి 2016లో నూతన మండల కేంద్రమైంది. జిల్లాలోని అనేక గ్రామాలవలె ఈ ప్రాంతంలోనూ వ్యవసాయంతోపాటు బీడీలు చుట్టడం మహిళలకు ముఖ్య జీవనాధారం. చేటలు ఒడిలో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టే మహిళల చేతులకు, కళ్లకు తీరిక ఉండదు. చెవులకు మాత్రం ఉంటుంది. గ్రామాలలో పుస్తక పఠన బృందాలను నెలకొల్పదలచినవారు ముందుగా గమనించవలసిన విషయం ఇదే.

సభ్యులందరూ ఒకే పుస్తకాన్ని ఇంటివద్ద చదివి వచ్చి చర్చించుకోవడం నగరాల పద్ధతి. అందుకు అందరికీ చదువు, తీరిక, వేర్వేరు ప్రతులు అవసరం. ఒకరు బిగ్గరగా చదవగా తక్కినవారు విని, ముచ్చటించుకొనే పద్ధతికి ఒక ప్రతి, ఒక గొంతు చాలును.

కార్ఖానాలలో పఠనం

ఈ పద్ధతి కొత్తది కాదు. క్యూబాలోని హవానా చుట్టల కార్ఖానాలలో 1865 నుంచి కార్మికులకు పత్రికలు, నవలలు చదివి వినిపించేవారు. కేరళలోని కన్నూరు ప్రాంతపు బీడీ కార్మికులు ఇదే ఆచారాన్ని పాటించారు. చదివే కార్మికుడు కోల్పోయే కూలిని తోటివారు తమ బీడీలలో కొంత భాగమిచ్చి భర్తీ చేసేవారు. నిజామాబాద్ ప్రాంతంలో బీడీల పని అధికంగా ఇళ్లలోనే జరుగుతుంది గనుక ఇక్కడ శాలకు బదులు అరుగే పఠన స్థలం కాగలదు.

జిల్లాకు గల వారసత్వం

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ప్రారంభమైంది. నాటి నిజాం రాజ్యంలో గ్రంథాలయోద్యమానికి అది నాంది. సభలకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసిన 53వ నంబరు గస్తీ నిషాన్ అమలులో ఉన్న కాలంలో నలుగురు కూడి పుస్తకం చదువుకోవడం కూడా సాహసమే. గ్రంథాలయాల స్థాపనను తన కార్యక్రమంలో చేర్చుకున్న నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ ఆరవ సమావేశం 1937లో నిజామాబాద్‌లోనే, మందుముల నర్సింగరావు అధ్యక్షతన జరిగింది. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలు మోసుకొని తిరిగి ప్రజలకు అందించిన వట్టికోట ఆళ్వారుస్వామి, మహాకవి దాశరథి నిజామాబాద్ జైలులో బందీలుగా గడిపారు. దాశరథి ‘అగ్నిధార’ను 1949లో ప్రచురించినది ఆ గ్రంథమాలయే.

చర్చయే ప్రాణం

చదవడంతో పని పూర్తి కాదు. విన్నదానిని తమ జీవితంతో పోల్చి చూసుకొన్నప్పుడే ఫలితం. 1990 దశకం తొలినాళ్లలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా కేంద్రాలలో మహిళలు సారా గురించిన పాఠాన్ని చదివి చర్చించుకొన్నారు. దూబగుంట మహిళలు తమ ఊరిలో సారా అమ్మకాలను నిలిపివేయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధానికి దారితీసింది. పాఠం చిన్నదే, దాని చుట్టూ జరిగిన సంభాషణ పెద్దది.

నిర్వహణ విధానం

వారానికి ఒక గంట చాలును. స్వయం సహాయక బృందం సమావేశమయ్యే రోజునే పఠనానికీ కేటాయిస్తే వేరుగా పిలవనక్కరలేదు. ఒక్క కూర్చోవడంలో ముగిసే కథతో ఆరంభించడం మేలు. పఠనానికి బడి పిల్లలనూ పిలవవచ్చును. అప్పుడు తల్లి కూలి నష్టపోదు, పిల్లకు చదువు స్థిరపడుతుంది. కొత్తగా అక్షరాలు నేర్చినవారికి పేరా చొప్పున అవకాశమిస్తే నేర్చినది మరచిపోరు. పుస్తకం ఎంపిక వినేవారిదే కావాలి. చివర “ఆమె స్థానంలో మీరుంటే ఏం చేసేవారు?” వంటి ఒక ప్రశ్న చాలును. ఉపన్యాసం అవసరం లేదు. నచ్చలేదన్న మాటకూ సమాన గౌరవం ఉండాలి.

పుస్తకాలకు ప్రత్యేక నిధి కోసం వేచి చూడనవసరం లేదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ననుసరించి ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. అనగా బీడీలు చుట్టే మహిళ కూడా తన ఇంటి పన్నుతోపాటు పుస్తకానికి వెల చెల్లిస్తూనే ఉంది. స్థానిక సంస్థలు ఆ మొత్తాన్ని సకాలంలో జమ చేయడం, జిల్లా గ్రంథాలయ సంస్థ పుస్తకాలను గ్రామానికి చేర్చడం ఆమెకు చేసే ఉపకారం కాదు, తీర్చవలసిన బాకీ.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలు ఇటువంటి బృందాల ఆరంభానికి అనువైన సమయం. గ్రంథాలయ రిజిస్టరులో ఒక పుస్తకం ఒకరికి ఇచ్చినట్లే నమోదవుతుంది. అరుగుపై దానిని విన్న పదిమందికి ఆ రిజిస్టరులో చోటు లేదు. నివేదికలు పంపే అధికారులు, వార్తలు రాసే పాత్రికేయులు ఇకపై ఆ పదిమందిని కూడా పాఠకులుగానే పరిగణించడం సముచితం.